లోపలే ఉండండి

చనిపోయిన టీచర్ భర్త ఏడవలేదు. కందిరీగను ఎక్కువ మండించింది అదే. ఏడిస్తే ఏదో ఒక మాట చెప్పి ఓదార్చవచ్చు. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. స్టేషన్ మేనేజర్ గదిలో ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుని, ఒకే మాట తిప్పి తిప్పి చెప్పాడు.

"తను చెప్పినట్టే జరిగింది మేడమ్. అచ్చం చెప్పినట్టే."

ఆమె నేరవిభాగం ఇన్‌స్పెక్టర్. ఎదురుగా అందరూ మేడమ్ అనేవారు, పక్కకు తిరిగి కందిరీగ అనేవారు. ఆ పేరు తన చెవిన పడ్డా ఆమె పట్టించుకోలేదు. పైగా ఒకటి రెండుసార్లు దానికి తగ్గట్టే ప్రవర్తించింది కూడా.

నిన్న పొద్దున పది దాటాక ఆ భూగర్భ రైల్వే స్టేషన్లో పొగ లేచింది. ప్లాట్‌ఫారం చివర, సొరంగం మొదట్లో, కేబుళ్ళు పోయే కాలవలో ఎవరో కుక్కిన నూనె గుడ్డలు అంటుకున్నాయి. మంట చిన్నదే. గంటలు మోగాయి, లిఫ్టులు వాటంతట అవే ఆగిపోయాయి, జనం మెట్లెక్కి బయటపడ్డారు. ఒక్కరికి కూడా గీత పడలేదని మెట్రో భద్రతాధికారి కెమెరాల ముందు చెప్పుకుంటున్న సమయానికి, కింద సేఫ్ రూమ్‌లో, చక్రాల కుర్చీలో, డ్రాయింగ్ టీచర్ ఊపిరాడక చనిపోయి ఉంది.

సేఫ్ రూమ్ అంటే ప్లాట్‌ఫారం మీదే ఉండే చిన్న గది. లిఫ్టులు ఆగిపోయినప్పుడు మెట్లు ఎక్కలేనివాళ్ళు అందులోకి వెళ్ళి తలుపు వేసుకోవాలి. పై నుంచి మంచి గాలి వస్తుంది. గోడకున్న ఇంటర్‌కమ్ పెట్టె మీద బటన్ నొక్కితే కంట్రోల్ రూమ్ పలుకుతుంది, మనుషులు వచ్చి మోసుకుపోతారు. ప్రతి స్టేషన్లో ఆ గది ఉంది. దాని తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ, కింద 'ఇక్కడ మీరు క్షేమం' అన్న అక్షరాలు ఉన్నాయి.

ఆ గదిని టీచర్ మొదటి నుంచీ నమ్మలేదని భర్త చెప్పాడు. ఆమె ప్రయాణికుల తరఫున మెట్రో భద్రతా కమిటీలో సభ్యురాలు. మూడు నెలల కిందట మాక్ డ్రిల్ జరిగినప్పుడు ఆమెను ఆ గదిలో కూర్చోబెట్టారు. పైకప్పు జాలీ నుంచి వస్తున్న గాలికి బ్రేకుల వాసన వేస్తోందని ఆమె గమనించింది. రోడ్డు మీది గాలి అయితే ఆ వాసన రాదు. ఆ గాలి సొరంగం నుంచి వస్తోంది. అంటే సొరంగంలో పొగ లేస్తే, ఆ పొగను తెచ్చి మూసిన గదిలో పోస్తుంది. ఈ మాట కమిటీలో చెబితే నవ్వి ఊరుకున్నారట. ఈసారి కమిటీలో చెప్పి వదిలేయననీ, పత్రికల వాళ్ళను పిలిచి అదే గదిలో కూర్చోబెడతాననీ ఆమె అందరి ముందూ అన్నది. ఆ పత్రికా సమావేశం జరగాల్సింది ఇవాళే.

"మరి తెలిసి తెలిసి ఆ గదిలోకి ఎందుకు వెళ్ళింది?" అని కందిరీగ అడిగింది.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "లిఫ్టు ఆగిపోతే ఇంకెక్కడికి వెళ్తుంది మేడమ్?"

ఆ ప్రశ్న అడిగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది ఆమెకు. ఆ కోపంతోనే లేచి పై అంతస్తులోని కంట్రోల్ రూమ్‌కి వెళ్ళింది.

అక్కడ ఆమె కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు, నిన్న ఆ సమయంలో డ్యూటీలో ఉన్న కంట్రోలరు. లావుపాటి మనిషి, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. రెండో ఆయనను అందరూ మాస్టారు అంటారు. ఏ ప్రమాదం వస్తే ఎవరు ఏం చేయాలో, ఏ ఫ్యాన్ ఎటు తిరగాలో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో మొత్తం ప్రణాళిక రాసింది ఆయన. గార్డు నుంచి పెద్ద అధికారి దాకా ఆయన దగ్గర శిక్షణ పొందినవాళ్ళే. తెల్లటి జుట్టు, ఇస్త్రీ చొక్కా, ఎదుటివాళ్ళు ముందుకు వంగి వినాల్సినంత మెత్తటి గొంతు. కంట్రోలరు భయపడిపోయి ఉన్నాడనీ, పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందనీ వచ్చానన్నాడు. ఆ టీచర్ తనకు కూతురి లాంటిదని కూడా అన్నాడు.

మరి ఆ కూతురు ఇంత ముఖ్యమైన సంగతి చెబితే ఎందుకు వినలేదో అడగాలని కందిరీగకు నోటి దాకా వచ్చింది. ముందు కంట్రోలరు పని చూద్దామనుకుంది.

అతను చెప్పింది తక్కువే. పొగ అలారం రాగానే రైళ్ళు రెండు వైపులా ఆపాడు, మెట్ల మీదకు వెళ్ళమని మైకులో చెప్పాడు. సేఫ్ రూమ్ బటన్ ఎవరు నొక్కినా తన ముందున్న బల్ల మీద ఎర్ర దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. నిన్న అది వెలగలేదు. మోగనూ లేదు.

"నువ్వు చూడలేదేమో."

"నా పిల్లల మీద ఒట్టు మేడమ్. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. కింద ఎవరైనా చిక్కుకున్నారేమోనని అదే చూస్తున్నాను."

కందిరీగ తన హెడ్ కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి, కింద సేఫ్ రూమ్‌లో బటన్ నొక్కమంది. మరుక్షణం బల్ల మీద దీపం వెలిగింది, గంట మోగింది, హెడ్ గొంతు ఖంగుమని వినిపించింది. కంట్రోలరు ముఖం పాలిపోయింది. ఆ దీపమే తన మీద సాక్ష్యం చెప్పినట్టు దాని వైపు చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారు నిట్టూర్చాడు. ప్రాణభయం వచ్చినప్పుడు మనుషులు ఎంత నేర్పినా మర్చిపోతారన్నాడు. పాపం ఆవిడ కంగారులో బటన్ సంగతే మర్చిపోయి ఉంటుంది, ఆత్రంగా తలుపు తీసి ఉంటుంది, తీసిన తలుపులోంచి పొగ లోపలికి వచ్చి ఉంటుంది. నిన్న భద్రతాధికారి రాసి పంపిన నివేదికలో కూడా సరిగ్గా ఇదే ఉందని కందిరీగకు గుర్తొచ్చింది. ఒకే కథ రెండు నోళ్ళలోంచి ఒకే మాటలతో వస్తే ఆమెకు చెవులు రిక్కించడం అలవాటు.

"టీచర్ చెప్పిన గాలి సంగతి మీరు పరీక్ష చేయించారా మాస్టారూ?"

"చేయించక్కర్లేదమ్మా. ఆ గదుల నమూనా నాదే. పొరపాటు జరిగే అవకాశం లేదు."

అంత మెత్తగా అంత పెద్ద మాట అనడం ఆమె ఎన్నడూ వినలేదు. లేచి కిందికి దిగింది.

ప్లాట్‌ఫారం రెండు చివర్లా తాళ్ళు కట్టి ఉంది. ఒక పట్టా మీద రైళ్ళు ఆగకుండా పోతున్నాయి. పోయిన ప్రతిసారీ సొరంగం లోంచి కమురు వాసన వచ్చి ముక్కుకు తగులుతోంది. సేఫ్ రూమ్ ముందు హెడ్ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఆమె ముందుగా తలుపు చూసింది. మందపాటి ఇనప తలుపు, మధ్యలో చిన్న అద్దం, చుట్టూ రబ్బరు పట్టీ. తెల్ల గుడ్డ తీసి పట్టీ పొడుగునా తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది. నేల మీద, గడప లోపలివైపు కూడా మసి లేదు. తల పైకెత్తింది. పైకప్పు జాలీ చుట్టూ మాత్రం నల్లటి మసి, మూతి చుట్టూ మీసం మొలిచినట్టు, గోడ మీదికి జారి ఉంది.

పొగ ఉన్నంతసేపూ తలుపు తీయనే లేదు. పొగ పై నుంచి వచ్చింది. టీచర్ చెప్పినట్టే జరిగింది.

ఆమె పళ్ళు బిగించి మిగతాది చూసింది. రోజూ ఆ వేళకే ఇక్కడ రైలెక్కే టీచర్ నిన్న బడిపిల్లలకు ఆకాశం వేయడం నేర్పుదామని నీలిరంగు కలిపి సీసాలో పోసుకుని బయలుదేరిందని భర్త చెప్పాడు. దారిలో మూత వదులై రంగు కారింది. చక్రాల కుర్చీ రిమ్ము మీద నీలం, తలుపు పిడి మీద నీలం. ఇంటర్‌కమ్ పెట్టె కింద గోడ మీద నాలుగు వేళ్ళ నీలిరంగు చారలు, ఒకదాని మీద ఒకటి, జారుతూ. మనిషి కుర్చీలోంచి పైకి సాగి ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో ఏదో చేస్తే తప్ప ఆ చారలు అలా పడవు.

ఆ పైనున్న పెట్టె మీద మాత్రం నీలపు చుక్క లేదు. బటన్ తెల్లగా మెరుస్తోంది. నాలుగు స్క్రూల తలలూ నిన్నగాక మొన్న దుకాణంలోంచి తెచ్చినట్టు తళతళలాడుతున్నాయి. మిగతా గదిలో ప్రతి స్క్రూకీ తుప్పు పట్టి ఉంది.

"పెట్టె మార్చారు," అన్నాడు హెడ్.

"మార్చారు కాదు, మాయం చేశారు. ఆమె వేళ్ళ రంగు ఆ బటన్ నిండా ఉండి ఉంటుంది. అది ఉంటే ఆమె బటన్ సంగతి మర్చిపోయిందనే కథ నడవదు."

ఆ మాట అంటుండగానే బూట్ల చప్పుడు వినిపించింది. మెట్రో భద్రతాధికారి వస్తున్నాడు. వెనక ఇద్దరు గార్డులు. ఆరడుగుల మనిషి, ఛాతీ మీద బిళ్ళలు. అతను కందిరీగ చెల్లెలి మొగుడు. పెళ్ళైన కొత్తలో వదినా వదినా అంటూ వెంట తిరిగేవాడు. ఉద్యోగాలు పెరిగిన కొద్దీ ఇద్దరికీ పడటం మానేసింది. మెట్రోలో ఏ నేరం జరిగినా అది నా హద్దు అని అతనూ, నేరానికి హద్దు లేదని ఆమే, పోయిన ఏడాదంతా పై అధికారుల ముందు పోట్లాడుకున్నారు. చెల్లెలి ఇంటికి వెళ్ళినా ఇప్పుడు ఒకరు వంటింట్లో ఉంటే ఇంకొకరు వరండాలో కూర్చుంటారు.

"వదినా, ఇక్కడికి రావాలంటే నాకు ఒక మాట చెప్పాలి," అన్నాడు.

"పెట్టె ఎవరు మార్చారు?"

అతను గార్డులను దూరంగా వెళ్ళమని సైగ చేశాడు. తర్వాత చాలా తేలిగ్గా, తనే మార్పించానన్నాడు. పొగకు పాడైపోయింది, స్టేషన్ మళ్ళీ తెరవాలంటే పనిచేసే ఇంటర్‌కమ్ ఉండాలి, అది రూలు.

"శవాన్ని తీసే ముందు మార్పించావా, తీశాకా?"

గుర్తులేదన్నాడు. పాత పెట్టె ఏమైందంటే చెత్తలో పోయిందన్నాడు. ఆమె జాలీ చుట్టూ ఉన్న మసి చూపించి, తలుపు పట్టీ తుడిచిన తెల్ల గుడ్డ అతని ముక్కు కింద పెట్టింది. అతను దాన్ని చూడకుండా, ఆమె నేర పరిశోధకురాలే గాని ఇంజనీరు కాదన్నాడు. గాలి లెక్కలు మాస్టారుకు వదిలేయమన్నాడు. ఊరంతా భయపడిపోయి రైలెక్కడం మానేస్తే ఆ పాపం ఆమెదే అవుతుందన్నాడు.

"గాలి లెక్క టీచర్ మూడు నెలల కిందటే చెప్పింది. నువ్వూ ఆ కమిటీలో ఉన్నావు. నవ్వావా, లేదా?"

"అందరూ నవ్వారు."

"నేను నిన్ను అడుగుతున్నాను."

కందిరీగ ప్లాట్‌ఫారం గోడకున్న ఫోన్ తీసి కంట్రోలరును పిలిచింది. సేఫ్ రూమ్ బటన్ నొక్కితే కంట్రోల్ రూమ్‌లో కాక ఇంకెక్కడైనా దీపం వెలిగే అవకాశం ఉందా అని అడిగింది. పక్కనున్న మాస్టారుకు వినపడకుండా అతను గొంతు తగ్గించి చెప్పాడు. రెండో కంట్రోల్ రూమ్ ఒకటుంది. పై గది కాలిపోయినా, దుండగులు ఆక్రమించినా లైన్‌ను అక్కడి నుంచి నడపడానికి కట్టింది. అక్కడ కూర్చున్నవాళ్ళు కావాలంటే ఏదో ఒక్క సేఫ్ రూమ్ ఫోనును మాత్రమే తమ వైపు లాక్కోవచ్చు. అప్పుడు పైన దీపం వెలగదు. ఈ సంగతి తనకు తట్టనందుకు అతను తనను తానే తిట్టుకున్నాడు. ఆ గది ఎప్పుడూ మూసే ఉంటుంది మరి.

"తలుపు ఎవరు తీయగలరు?"

"ఇద్దరి కార్డులకే తెరుచుకుంటుంది మేడమ్. ఒకటి మాస్టారుది. రెండోది భద్రతాధికారి గారిది."

ఆమె ఫోన్ పెట్టేసి మరిది వైపు తిరిగింది. "పద."

అతను చాలా చెప్పాడు. ఆ గది తెరిచి నెలలైందన్నాడు, అనుమతి కాగితం కావాలన్నాడు, కరెంటు కూడా ఉండదన్నాడు. ఆమె ఒక్కటే అన్నది. కార్డు ఇవ్వకపోతే గోడ పగలగొట్టిస్తుంది, ఆ పని టీవీ వాళ్ళను పిలిచి వాళ్ళ ముందే చేయిస్తుంది. ఆమె అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు.

రెండో కంట్రోల్ రూమ్ మెట్రో ఆఫీసు కింద, నేలమాళిగలో ఉంది. లోపలికి వెళ్ళడానికి ఇద్దరికే అనుమతి అని అతను పట్టుపడితే, హెడ్ కానిస్టేబుల్‌ను మెట్ల దగ్గర ఉంచి ఆమె ఒక్కతే అతని వెంట వెళ్ళింది. తలుపు వాళ్ళ వెనక దానంతటదే మూసుకుంది. లోపలి నుంచి తెరవాలన్నా కార్డు పెట్టాల్సిందే. ఆమె సెల్‌ఫోన్ చూసుకుంది. సిగ్నల్ లేదు.

పొడుగాటి బల్ల, దాని మీద దీపాల వరసలు, స్విచ్‌లు, ఒక మైకు. అన్ని స్టేషన్లకూ వినపడేలా మాట్లాడే బటన్ కింద ఆ సంగతే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాలుగు కుర్చీలున్నాయి. మూడింటి మీద దుమ్ము పేరుకుని ఉంది. నాలుగోదాని మీద లేదు.

"నెలలైంది అన్నావు."

"ఊడ్చేవాళ్ళు వచ్చి ఉంటారు."

"ఒక్క కుర్చీ తుడిచిపోయారా?"

అతను కార్డు పెట్టి బల్లకు ప్రాణం పోశాడు. చిన్న తెర వెలిగింది. ఈ గది తీసుకున్న ప్రతి పిలుపూ దానంతటదే రికార్డు అవుతుందని తెర మీదే ఉంది. అందులో నిన్నటి రికార్డు ఒకటి కనిపిస్తోంది. ఆమె అది చూపించగానే, ఆ రికార్డరు పనిచేయదని అతను కాస్త తొందరగానే అన్నాడు. చెరిపే బటన్ పక్కన రాసి ఉన్నది ఆమె చదివింది. రెండు కార్డులూ ఒకేసారి పెట్టాలి అన్నది తెర. ఒక్కరే ఏదీ చెరిపేయకూడదని ప్రణాళికలో రాసుకున్న మాస్టారు, తన రూలుకు తనే చిక్కుకున్నాడన్నమాట. చెరపడానికి రెండో కార్డు కావాలి. ఆ మాట మరిదికి చెప్పే వీలు అతనికి ఇంకా చిక్కి ఉండదు.

ఆమె రికార్డు నడిపింది.

మొదట దగ్గు వినిపించింది. తర్వాత ఒక ఆడగొంతు. భయం ఉంది కాని స్పష్టంగా ఉంది. తాను సేఫ్ రూమ్‌లో ఉన్నాననీ, తలుపు వేసుకున్నాననీ, పై నుంచి పొగ వస్తోందనీ చెప్పింది. దానికి జవాబిచ్చిన గొంతు ఎంత మెత్తగా ఉందంటే కందిరీగ అలవాటుగా ముందుకు వంగింది. గంట కిందట పై గదిలో కూడా ఆ గొంతు కోసం ఇలాగే వంగింది.

"లోపలే ఉండండమ్మా. తలుపు తీయకండి. బయట మంటలున్నాయి."

"తలుపు చల్లగానే ఉందండీ. అద్దంలోంచి ప్లాట్‌ఫారం కనబడుతోంది. నేను బయటికి వచ్చేస్తాను."

"వద్దు. మనవాళ్ళు మీ తలుపు దాకా వచ్చేశారు. మీరు ఇప్పుడు తీస్తే వాళ్ళ ప్రాణం పోతుంది. లోపలే ఉండండి."

టీచర్ ఉండిపోయింది. తన కోసం వస్తున్నవాళ్ళకు ఏమీ కాకూడదని ఉండిపోయింది. మధ్య మధ్య వచ్చారా అని అడిగింది, ఆ గొంతు వచ్చేస్తున్నారంది. పోను పోను మాటలు తగ్గి దగ్గు ఎక్కువైంది. కందిరీగ బల్ల అంచు పట్టుకుంది. ఒక మనిషి ఆపదలో ఉన్నప్పుడు ఎలా మాట్లాడితే నమ్ముతుందో జీవితమంతా నేర్పినవాడు, ఆ విద్యతోనే ఒక మనిషిని గదిలో కూర్చోబెట్టి చంపాడు. ఆమె చెప్పింది తప్పని నిరూపించడం చేతకాక, ఆమె చెప్పిన నిజంతోనే ఆమెను చంపాడు.

"మాస్టారు," అంది. "నీ గురువు."

రికార్డు ఇంకా నడుస్తోంది. ఈ నేలమాళిగలో సెల్‌ఫోన్ పనిచేయదు కనుక మాస్టారు బల్ల మీది ఫోనే వాడినట్టున్నాడు. నంబరు నొక్కిన చప్పుడు, అవతల ఎవరో ఎత్తిన చప్పుడు వినిపించాయి. మాస్టారు సేఫ్ రూమ్‌లో టీచర్ ఉందనీ, ఇక లాభం లేదనీ చెప్పాడు. పొగ తగ్గగానే ముందు మనవాళ్ళను పంపి పెట్టె మార్పించమన్నాడు. అగ్నిమాపకం వాళ్ళు ఆ తర్వాత వస్తే చాలన్నాడు. ఆ మాటల వెనక, సన్నగా, సేఫ్ రూమ్ లైను ఇంకా తెరిచే ఉంది.

అవతలి గొంతు ఆగి ఆగి పలికింది. "ఇంకా దగ్గుతోంది కదా మాస్టారూ."

"ఎంతోసేపు కాదు. ఈ సంగతి బయటికొస్తే ఆ గదులన్నీ క్షేమమని సంతకం చేసినవాడివి నువ్వు. ఆలోచించుకో."

మళ్ళీ దగ్గు. తర్వాత ఆ అవతలి గొంతు, కందిరీగ చెల్లెలి పెళ్ళిలో వదినా అంటూ కాళ్ళకు దండం పెట్టిన గొంతు, "సరే" అన్నది.

రికార్డు ఆగిపోయింది. ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగింది. అతను తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. కార్డు పిడికిట్లో ఉంది.

"ఆ మంట ఆయన పెట్టాడని నాకు తెలియదు వదినా. ప్రమాదం అనుకున్నాను. ఒట్టు."

"దగ్గు విన్నావు."

"వదినా..."

"ఆమె బతికి ఉందని తెలుసు నీకు. ఆ ప్లాట్‌ఫారం మీదే నీ మనుషులున్నారు. ఒక్క మాట చెబితే ఇద్దరు గార్డులు ఆ తలుపు తీసి కుర్చీతో సహా ఎత్తుకొచ్చేవాళ్ళు. నువ్వు స్ట్రెచర్ పంపలేదు, స్క్రూడ్రైవరు పంపావు."

అతని ముఖం నల్లబడింది. తన ఉద్యోగం పోతే భార్యాపిల్లలు రోడ్డున పడతారన్నాడు. ఆమె చెల్లెలే రోడ్డున పడుతుందన్నాడు. ఇది కుటుంబంలో ఉండిపోవాలన్నాడు. మాస్టారు కార్డు కూడా తెప్పిస్తే ఒక్క నిమిషంలో అంతా చెరిగిపోతుంది, ఆ ముసలాయన సంగతి తర్వాత వేరే దారిలో తేల్చుకుందాం అన్నాడు. మాట్లాడుతూనే రెండడుగులు ముందుకు వేశాడు. అతను బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

కందిరీగకు భయం వేసింది. ఆ గది గోడలు ఎంత మందమో, బయట మెట్ల దగ్గరున్న హెడ్‌కు ఏమీ వినపడదనీ ఆమెకు తెలుసు. అయినా భయం కన్నా కోపమే ముందు కదిలింది. బల్ల మీదికి వంగి, అన్ని స్టేషన్లకూ మాట్లాడే బటన్ నొక్కి పట్టింది. అతను వచ్చి ఆమె మణికట్టు దొరకబుచ్చుకునే లోపు మైకులో మాట పడిపోయింది.

"నేను నేరవిభాగం ఇన్‌స్పెక్టర్‌ని. రెండో కంట్రోల్ రూమ్ నుంచి మాట్లాడుతున్నాను. నా పక్కన మీ భద్రతాధికారి ఉన్నారు. మేమిద్దరమే ఉన్నాం. స్టేషన్ సిబ్బంది అందరూ వినండి. సేఫ్ రూమ్‌లలోకి ఎవరినీ పంపకండి. అక్కడికి పొగ వస్తుంది. నడవలేనివాళ్ళు ఎవరున్నా మీ చేతులతో ఎత్తుకుని పైకి తీసుకురండి. నిన్నటి మరణం ప్రమాదం కాదు. దానికి సాక్ష్యం ఈ గదిలో ఉంది."

ఆమె మణికట్టు మీద అతని పట్టు ఒక్కసారి బిగిసి, సడలిపోయింది. లైన్ మొత్తం వినేసింది. ఇప్పుడు ఈ గదిలో ఆమెకు ఏమైనా అయితే ఎవరు చేశారో ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. అతను వెనక్కి తగ్గి, దుమ్ము పట్టిన కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో కార్డు కింద పడింది. ఆమె దాన్ని తీసి జేబులో వేసుకుంది.

బల్ల మీది స్పీకరు గరగరలాడింది. పై నుంచి కంట్రోలరు.

"మేడమ్, విన్నాం. మాస్టారు ఇప్పటిదాకా నా పక్కనే కూర్చున్నారు. మీ మాట వినగానే లేచారు. నేను అడ్డం నిలబడ్డాను మేడమ్, తోసేసి వెళ్ళిపోయారు. సొరంగం ఫ్యాన్ గదుల తాళాల గుత్తి తీసుకుపోయారు."

"ఎటు వెళ్ళారు?"

"కిందికి. పట్టాల వైపు."

ఆమె అన్ని రైళ్ళూ ఎక్కడివక్కడ స్టేషన్లలో ఆపి జనాన్ని దింపేయమంది. కంట్రోలరు తటపటాయించాడు. లైన్ మొత్తం ఆపాలంటే భద్రతాధికారి నోటి మాట ఉండాలి, పోలీసులు చెబితే బల్ల ఒప్పుకోదు, గొంతు గుర్తుపట్టాకే తాళం వదులుతుంది. ఇది కూడా మాస్టారు పెట్టిన రూలే.

కందిరీగ మైకు మెడ వంచి మరిది ముఖం ముందు పెట్టింది. అతను తల ఎత్తలేదు.

"నిన్న ఒక మాట అన్నావు. సరే అని," అన్నది ఆమె. "ఇవాళ ఇంకో మాట అను. అంటావా, లేక ఆ కింద ఉన్నవాళ్ళ దగ్గు కూడా వింటూ కూర్చుంటావా?"

అతని పెదాలు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. మూడోసారికి మాట బయటికి వచ్చింది. "ఆపేయండి. అన్నీ ఆపేయండి."

తెర మీద రైళ్ళ గుర్తులు ఒకటొకటిగా స్టేషన్ల దగ్గరికి చేరి ఎర్రబడ్డాయి. కందిరీగ లెక్కపెట్టడం మానేసి ఊపిరి వదిలే లోపు, రెండు స్టేషన్ల నడుమ ఒక గుర్తు ఇంకా పచ్చగానే ఉందని కనిపించింది. అది కదలడం లేదు.

"అదేమిటి?"

కంట్రోలరు గొంతులో ఏడుపు ఉంది.

"బడి వదిలే వేళ మేడమ్. బండి నిండా పిల్లలు. దాని వెనక సొరంగంలో ఎవరో నిప్పు పెట్టారు. నేను ఇక్కడి నుంచి ఫ్యాన్లు తిప్పుతున్నాను, కింద మాస్టారు వాటిని తిరగేసినట్టున్నారు. అవి పొగను బయటికి లాగడం లేదు మేడమ్, బండి వైపే తోస్తున్నాయి."